జరీ తొడిగిన తీగ

నాకు పొగరు కాస్త ఎక్కువే. మరమగ్గాల కార్డులు బాగుచేసే ఆడమనిషికి ఆపాటి పొగరు లేకపోతే సూరత్‌లో పూట గడవదని చాలా ఏళ్లు నన్ను నేనే సమర్థించుకున్నాను. కార్డు అంటే మగ్గం పక్కన డబ్బాలో ఉండే ఎలక్ట్రానిక్ పలక. దారం తెగగానే మగ్గాన్ని ఆపేది అదే. అది చెడిపోతే సంచిలో వేసుకుని అమ్రోలిలో మా ఇంటికి తెచ్చేవాళ్లు. తలుపు తీసిన నన్ను చూసి, నా వెనక్కి తొంగిచూస్తూ, “మాస్టర్ లేడా?” అని అడిగేవాళ్లు. “నేనే మాస్టర్‌ని” అనేదాన్ని. ఆ రెండు ముక్కల్లో ఎంత కారం వేయవచ్చో అంతా వేసేదాన్ని. తర్వాత చేసిన పనికి ఈ పొగరును అడ్డం పెట్టుకుందామని ఎన్నోసార్లు చూశాను. అది చాలలేదు.

ఈ విద్య నాకు నేర్పింది కాక. పిలుపుకు బాబాయే గాని మాకు రక్తసంబంధం లేదు. మా నాన్నతో పాటే సిరిసిల్ల వైపు నుంచి మగ్గాల పనికి వచ్చి, కొన్నాళ్లకు నేత వదిలేసి వైర్‌మన్ అయిన మనిషి. మగ్గాల పేట ఖటోదరాలో సగం షెడ్లకు కరెంటు తీగలు లాగింది ఆయన చేతులే. డిప్లొమా కాగితం పట్టుకుని వచ్చిన నన్ను చూసి నవ్వి, టెస్టర్ ఎలా పట్టాలో, కరెంటు ఉన్న తీగ దగ్గర ఎడమ చెయ్యి ఎందుకు జేబులో పెట్టుకోవాలో చూపించాడు. షెడ్డు యజమానులు నన్ను ఎగాదిగా చూస్తుంటే, “మా బిడ్డనే. నాకన్న మంచిగ జేస్తది. ఒక్కపాలి ఇచ్చి సూడుండ్రి” అని చెప్పి పని ఇప్పించేవాడు. నా మొదటి పది మంది గిరాకీలూ అలా వచ్చినవాళ్లే.

కరోనా వచ్చేనాటికి కాకకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. ఆపరేషన్‌కు రోజు కూడా ఇచ్చారు. ఇంతలో లాక్‌డౌన్ పడి, ప్రాణం మీదకు రాని ఆపరేషన్లన్నీ ఆస్పత్రి వాళ్లు వాయిదా వేశారు. “ఏముందిలే, తీగను ఏళ్లే సూస్తయ్” అని కాక వేళ్లు ఆడించి చూపించేవాడు.

మగ్గాలన్నీ ఆగిపోయిన ఆ రోజుల్లోనే మా ఇద్దరికీ ఒక శేఠ్ నుంచి కబురొచ్చింది. ఖటోదరాలో ఆయనకు లేసులల్లే కార్ఖానా ఉంది. తాతల కాలంలో జరీ వ్యాపారం. అరవై దాటిన మనిషి. ఎనిమిదేళ్లుగా వెనక షెడ్డులో ఇద్దరు కూర్చునే చిన్న విమానం కడుతున్నాడని అందరికీ తెలుసు, అందరూ నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను. వెళ్లి చూశాక నవ్వు ఆగింది. ఇనుప గొట్టాలతో సన్నగా అతికిన ఒళ్లు, పాలిస్టర్ బట్ట బిగించి రంగు పూసిన రెక్కలు, ముక్కున నిజమైన ఇంజన్. డ్రాయింగులు తెప్పించుకుని, ఒక్కో అతుకూ ఫోటో తీసి పెట్టుకుని, ఆయనే కట్టుకున్నాడు. ఎగరడానికి కావలసిన అనుమతులు ఇంకా రావాలి. రేడియోలో బయటికి మాట్లాడే అనుమతీ రాలేదు. అప్పటికి ఇంజన్ నడిపి చూసుకోవడం, రేడియో వినడం, లోపల కూర్చున్న ఇద్దరూ హెడ్‌సెట్లు పెట్టుకుని మాట్లాడుకోవడం వరకే.

బ్యాటరీ, లైట్లు, ఆల్టర్నేటర్ తీగలు కాకకు అప్పగించాడు. రేడియో, హెడ్‌సెట్లు నాకు. షెడ్లు మూతపడి ఇంట్లో కూర్చున్న మా ఇద్దరికీ ఆ పిలుపు పండగలా అనిపించింది. పాసులు చూపించుకుంటూ, ముక్కుకు గుడ్డలు కట్టుకుని, నేను తాపీ నది వంతెన దాటి, ఆయన ఉధ్నా వైపు నుంచి నడుచుకుంటూ వచ్చేవాళ్లం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విమానానికి చెరో పక్కన కూర్చుని పని చేసేవాళ్లం.

అన్నీ ఉన్నాయి, ఒక్క తీగ లేదు. మైకు నుంచి రేడియోకు వచ్చే సంకేతం చాలా బలహీనం. పక్కన పోయే తీగల రొద దాన్లోకి దూరకుండా చుట్టూ రాగిపోగులతో అల్లిన తొడుగుండాలి. ఆ తొడుగును తీసుకెళ్లి విమానం ఒంటికి కలపాలి. అలాంటి తీగ కోసం శేఠ్ ఎప్పుడో డబ్బు కట్టాడు. పార్సిల్ ఎక్కడో ఆగిపోయింది. దుకాణాలు తెరవలేదు.

“అచ్చేదాంక ఆగుదాం బిడ్డా. తొందరేమున్నది, మనకేమన్న ఇమానం ఎళ్లిపోతదా?” అన్నాడు కాక.

ఆగే మనిషినైతే ఈ కథే లేదు. కార్ఖానాలో గుండ్రటి తాడు అల్లే మిషన్ నా కళ్లముందే ఉంది. పదహారు బాబిన్లు, అంటే దారపు కండెలు, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ నడుమ ఉన్నదానికి తొడుగు అల్లుతాయి. రాగిపోగుల బదులు జరీ పెడితే? జరీ అంటే లోహమే కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను. “శేఠ్‌జీ, మీ ఇంట్లో జరీ పెట్టుకుని రాగి కోసం ఎదురుచూడడం ఏమిటి?” అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. అద్దాల బీరువా తాళం తీసి, తాతగారి నాటి బాబిన్ ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పోసిన అసలు జరీ. కరెంటు పారే దారి ఉంటే మోగే మీటరును రెండు కొసలకూ ఆనించాను. పీఁ అని మోగింది. “చూశారా!” అన్నాను. ఆయన దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మళ్లీ బీరువాలో పెట్టేసి, పనికోసం గోదాములోంచి పదహారు బాబిన్ల పెట్టె తెప్పించాడు.

ఆ పెట్టెలోని జరీని నేను పరీక్షించలేదు.

మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. జరీ పరీక్ష నాకు ఒకరు నేర్పక్కర్లేదు. దారం కొస తుంచి అగ్గిపుల్ల అంటిస్తే అసలుదైతే లోపలి పట్టు కాలిపోయి లోహం మిగులుతుంది. ప్లాస్టిక్‌దైతే ముడుచుకుపోయి నల్లపూస అవుతుంది. కానీ జరీ శేఠ్ ముందు కూర్చుని ఆయన సరుకుకు అగ్గిపుల్ల గీయడమంటే, నువ్వు దొంగవి అని ముఖం మీద అనడమే. బజార్లో కొనేటప్పుడు గీస్తారు, పిలిచి టీ ఇచ్చిన చోట గీయరు. అక్కడ మొహమాటపడ్డాను. పోనీ, మీటరైనా పెట్టవచ్చు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. అప్పటికే మిషన్ తిప్పాలని నా చేతులు దురద పెడుతున్నాయి.

శేఠ్ మోసం చేశాడని అనను. ఇప్పుడు సూరత్‌లో జరీ అని అమ్మేది చాలావరకు ఆ రకమే. ప్లాస్టిక్ పొర మీద లోహపు మెరుపు, ఆ మెరుపు పోకుండా పైన వార్నిష్ పూత. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తొడుగు మాత్రం ఎంత అందంగా వచ్చిందో! పెళ్లికూతురి జడకుచ్చుల తాడులా బంగారు రంగులో నిగనిగలాడింది. శేఠ్ ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాడు. నన్ను “ఇంజనీర్ బేన్”, అంటే ఇంజనీరు అక్కయ్య, అని పిలవడం మొదలుపెట్టాడు. మాస్టర్ లేడా అని అడిగించుకున్న ఇన్నేళ్ల తర్వాత ఆ పిలుపు నా నెత్తికెక్కిందంటే ఎక్కదా?

కాక లేచి వచ్చి, ఆ తాడును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు జరిపాడు.

“సల్లగ తగుల్తలేదేంది బిడ్డా? ఈ కొస నుంచి ఆ కొస దాంక మీటర్ వెట్టి సూసినవా?”

“సూసిన కాకా. మంచిగ మోగింది” అన్నాను.

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పది అడుగుల దూరంలో బల్ల మీద మీటరు ఉంది. లేచి పెట్టి ఉంటే అర నిమిషం పని. కాక తలూపి తన పక్కకు వెళ్లి కూర్చున్నాడు. బిడ్డ సూసిన అన్నది, అంటే చూసిందనే ఆయన లెక్క.

తీగను బిగించాం. ఒక ఉదయం విమానాన్ని షెడ్డు వెనక ఆవరణలోకి తోసి, తోకను సిమెంటు స్తంభానికి తాళ్లతో కట్టి, చక్రాలకు దిమ్మెలు పెట్టి ఇంజన్ నడిపాం. చుట్టుపక్కల మూతపడిన కార్ఖానాల డాబాల మీద జనం. ఎడమ సీట్లో శేఠ్, కుడి సీట్లో నేను, ఇద్దరికీ హెడ్‌సెట్లు. ఆయన ఏదో అన్నాడు. నాకు వినిపించింది ఆయన మాట కాదు. కుయ్యిమని ఒక మోత. ఇంజన్ వేగం పెంచితే ఆ మోతా పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. రెక్కల కొసన మిణుకుమనే లైట్లు వేస్తే దానికి తోడు టిక్ టిక్‌మని మరొకటి. ఆ రొదలో మాట అనేది ఎక్కడో మునిగిపోయింది. ఎనిమిదేళ్ల కష్టం శేఠ్ ముఖంలో కనబడింది. అహ్మదాబాద్ నుంచి ఒక ఇంజనీరు, దారులు తెరవగానే వచ్చి చూసి అనుమతుల కాగితాలకు సాయం చేస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. ఈ రొదతో శేఠ్ ఆయన ముందు నిలబడలేడు.

ఇలాంటి దోషం పట్టడానికి పద్ధతి ఒకటే. ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోవడం. లైట్లు ఆపాను, టిక్ టిక్ పోయింది. ఆల్టర్నేటర్ స్విచ్ ఆపాను, కుయ్యిమనే మోత పోయింది. కిందికి దిగి, అందరూ చూస్తుండగా, “రొద లైట్ల తీగల నుంచీ ఆల్టర్నేటర్ తీగ నుంచీ వస్తోంది” అని ప్రకటించాను. ఆ రెండూ కాక పని. రొద పుట్టే చోటు వేరు, అది లోపలికి దూరే చోటు వేరు. లైట్లన్నాక, ఆల్టర్నేటర్ అన్నాక ఎంతో కొంత రొద ఉంటుంది. దాన్ని లోపలికి రానీయకుండా ఆపాల్సింది నా తొడుగు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. చెప్పలేదు.

కాక ఊరుకోలేదు, చెప్పాడు. “పుట్టేది ఆడ్నే గని, నీ తీగల్కెట్ల సొచ్చింది బిడ్డా? ఆ తొడుగు ఒక్కపాలి ఇప్పి సూద్దామా?”

డాబాల మీద జనం. పక్కన శేఠ్. ఒళ్లు మండిపోయింది నాకు. కాకతో నేను ఏనాడూ తెలుగు తప్ప మాట్లాడి ఎరగను. ఆ రోజు శేఠ్ వైపు తిరిగి, అందరికీ అర్థమయ్యేలా హిందీలో అన్నాను: “కాకకు కళ్లు కనబడడం లేదు శేఠ్‌జీ. ఏ తీగ దేనికి కలిపాడో ఆయనకే తెలియదు.”

తెలుగులో అని ఉంటే అది మా ఇద్దరి మధ్యా ఉండేది. తిట్టేవాడు, నేనూ ఏదో అనేదాన్ని, సాయంత్రానికి కలిసిపోయేవాళ్లం. హిందీలో అనాలని నా నోరే ఎంచుకుంది. ఈ ఒక్క విషయం తలుచుకున్నప్పుడు ఇప్పటికీ ఎక్కడ ఉన్నా కళ్లు మూసుకుంటాను.

కాక తన గోనెపట్టా తెచ్చి విమానం కింద పరుచుకుని, కట్టిన తీగలన్నీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పని చేశాడు. ఒక చేత్తో టార్చి పట్టుకుని, ప్రతి అతుకునూ ముక్కుకు ఆనేంత దగ్గరగా తెచ్చుకుని చూసి, మళ్లీ కలిపాడు. చిన్నమ్మ, అంటే కాక భార్య, కట్టిచ్చిన జొన్నరొట్టెల డబ్బా మధ్యాహ్నం నా వైపు జరిపేవాడు. అలవాటు ప్రకారం. నేను ఆకలి లేదనేదాన్ని. రోజూ సాయంత్రం ఇంజన్ వేసేవాళ్లం. అదే మోత, అదే టిక్ టిక్. ఇంజన్ ఆగగానే ఆయన నా ముఖం వైపు చూసేవాడు, నేను తల అడ్డంగా ఊపేదాన్ని.

నాలుగో రోజు శేఠ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి మెత్తగానే అన్నాడు, “బస్ కాకా. అబ్ ఆరామ్ కరో.” ఇక చాలు, విశ్రాంతి తీసుకో అని. పొమ్మనడమే అది. కాకకు అర్థమైంది. పట్టా మడిచి చంకలో పెట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

“రంగులు కలిసిపోయినట్టున్నయ్ బిడ్డా, ఎర్రదేదో నల్లదేదో. నువ్వే జర సూస్కో.”

గేటు దాటి వెళ్లిపోయాడు. ఆ క్షణంలో నాకు కలిగింది బాధ కాదని ఒప్పుకోవాలి. హమ్మయ్య అనిపించింది.

మర్నాడు ఒక్కదాన్నే కూర్చుని ఆయన తీగలు విప్పాను, తప్పు ఎక్కడ చేశాడో పట్టుకుందామని. ప్రతి అతుకూ గట్టిగా ఉంది. ప్రతి తీగా ఉండాల్సిన చోటే ఉంది. కొసల దగ్గర చిన్న చిన్న దారపు ముళ్లు కనిపించాయి. అవేమిటో మొదట అర్థం కాలేదు. బ్యాటరీ తీగకు ఒక ముడి, లైట్లకు రెండు, ఆల్టర్నేటర్‌కు మూడు. రంగులు కనబడవని ఆయనకు నాకంటే ముందే తెలుసు. తడిమితే తెలిసేలా, మొదటి రోజే నేతగాడి ముడి వేసి పెట్టుకున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు. నేను చెప్పిన మాటకు తనమీద తనకే అనుమానం వచ్చి, సరిగ్గా ఉన్నదాన్ని నాలుగు రోజులు విప్పి మళ్లీ సరిగ్గానే కట్టాడు.

ఇక విప్పి చూడాల్సింది నాదొక్కటే మిగిలింది. జరీ తొడుగు రెండు కొసలకూ మీటరు ఆనించాను. మోగలేదు. గోటితో గీకి మళ్లీ పెట్టాను. మోగలేదు. ఒక పోగు తుంచి ఆవరణలోకి తీసుకెళ్లి అగ్గిపుల్ల గీశాను. ముడుచుకుని, నల్లపూసై, వేలికి అంటుకుని చురుక్కుమంది.

తల కొట్టేసినట్టయింది. అయినా ఎంతసేపు? చుట్టూ చూశాను, ఎవరైనా గమనించారా అని. డాబా మీద పాత టీవీ కేబుల్ చుట్ట ఒకటి పడి ఉంటే తెచ్చి, పైతోలు చీరి, లోపలి రాగి అల్లికను జాగ్రత్తగా ఊడదీసి, నా తీగకు తొడిగాను. మీటరు పెట్టాను. ఈసారి రెండు కొసలకూ, మూడుసార్లు. గంట కూడా పట్టలేదు. బంగారు తాడును లేసుల వేస్టు గోనెలో కుక్కేశాను. అక్కడ దాన్ని ఎవరూ గుర్తుపట్టరు.

సాయంత్రం ఇంజన్ వేస్తే హెడ్‌సెట్‌లో శేఠ్ ఊపిరి కూడా వినిపించింది. రేడియోలో ఎవరో పైలట్ తను ఎంత ఎత్తులో ఉన్నాడో చెబుతున్న మాట గది మధ్యలో నిలబడి చెప్పినంత స్పష్టంగా వచ్చింది. శేఠ్ కళ్లు తుడుచుకున్నాడు. “క్యా కియా, బేన్?” అని, ఏం చేశానో అడిగాడు.

“వైరింగ్ మళ్లీ చేశాను” అన్నాను. మాట నిజమే. అది ఆయన చెవిలో ఎలా పడుతుందో తెలిసే అన్నాను.

“పాపం కాకా. మంచోడే. వయసైపోయింది” అన్నాడాయన. అప్పుడైనా నోరు విప్పాలి. ఆడపిల్లకు ఏం తెలుసు అంటారని భయం. ఇంజనీర్ బేన్ పోయి మళ్లీ మాస్టర్ లేడా దగ్గరికి వస్తానని భయం. అదే రాత్రి నేను శేఠ్ ఇచ్చిన ఘారీ మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికి వచ్చాను.

శేఠ్ చెడ్డ మనసుతో చెప్పలేదు. విమానం ముచ్చట ఎవరు అడిగినా, రొద ఎలా వచ్చిందో ఎలా పోయిందో సంబరంగా వర్ణించేవాడు. ఆ వర్ణనలో కాక కళ్లు కూడా వచ్చేవి. షెడ్లు తెరిచారు. సొంత ఊళ్లకు పోయిన కూలీలు ఒక్కొక్కరే తిరిగొచ్చారు. కొత్త తీగలు లాగాల్సిన చోట జనం వేరే వైర్‌మన్‌ను పిలిచారు. పాతికేళ్లుగా తన చేత్తో కరెంటు పెట్టిన షెడ్లలోకి కాకను ఎవరూ రమ్మనలేదు. నా దగ్గరికి మాత్రం పనులు రెట్టింపయ్యాయి.

మోత పోయిన వారానికే కాక ఫోన్ చేశాడు.

“మోత వోయిందంట గద బిడ్డా? శేఠ్ చెప్పిండు. మంచిగ జేసినవ్. నా సేతి తప్పుకు నిన్ను నల్గురి ముంగట పరేషాన్ జేసిన. మనసుల వెట్టుకోకు.”

నేనేమన్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు. “పర్లేదు కాకా. ఎవలకైనా అయితది” అన్నాను. చేయని తప్పుకు ఆయన్ని క్షమించాను.

తర్వాత చాలాసార్లు బయల్దేరాను. వంతెన దాటి, ఆయన ఉండే గల్లీ మొదట దాకా వెళ్లాను. ఒకసారి కరోనా కేసులని వెదుళ్లు అడ్డం కట్టి ఉన్నాయి. వాటికి మనసులో దండం పెట్టుకుని వెనక్కి తిరిగాను. ఇంకోసారి ఏ వెదుళ్లూ లేవు, అయినా తిరిగాను. రెండో కెరటం వచ్చింది. కాకకూ చిన్నమ్మకూ ఇద్దరికీ జ్వరాలు వచ్చి తగ్గాయి. మందులు గేటు దగ్గర పెట్టి వచ్చాను. ఆ రోజుల్లో, ఆయన పోతే ఇక చెప్పాల్సిన పని ఉండదని ఒక ఆలోచన నా బుర్రలోకి వచ్చి వెళ్లింది. వచ్చిందని రాస్తున్నాను. రాయకపోతే ఇదంతా మళ్లీ వైరింగ్ చేశాను అనడం లాంటిదే అవుతుంది.

ఆస్పత్రులు తెరిచాక కాక కళ్లు రెండింటికీ ఆపరేషన్ అయింది. చూపు చక్కగా వచ్చింది. ఇక పనిలోకి వెళతాడు, నేను చేసినది దానంతటదే మాసిపోతుంది అని ఆశపడ్డాను. ఒకరోజు చిన్నమ్మ ఫోన్ చేసి మెల్లగా చెప్పింది, “ఏందో బిడ్డా, కండ్లు మంచిగైనయ్ గని మనిషి మంచిగైతలేడు. ఇంట్ల బల్బు గూడ మార్వడు. పక్కింటోళ్లను పిలుస్తుండు.”

మూడోసారి కేసులు పెరుగుతున్నాయని అంటున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం కాక నుంచి వీడియో ఫోన్ వచ్చింది. ఫోన్ చిన్నమ్మ పట్టుకున్నట్టుంది, బొమ్మ ఊగుతోంది. గోడ మీద విప్పిన స్విచ్ బోర్డు, దాని ముందు కాక. చేతిలో ఫ్యాన్ రెగ్యులేటర్. కొత్తది.

“బిడ్డా, పాతది కాలిపోయింది. కొత్తది తెచ్చిన. మెయిన్ బంద్ జేసిన. ఏ తీగ ఏడ వెట్టాలె, జర సూసి చెప్తవా?”

ఖటోదరాలో సగం షెడ్లకు కరెంటు ఇచ్చిన మనిషి నన్ను ఫ్యాన్ రెగ్యులేటర్ గురించి అడుగుతున్నాడు. ఇంక ఆగలేకపోయాను. అంతా చెప్పేశాను. జరీ ప్లాస్టిక్‌ది అని, మీటరు పెట్టకుండానే పెట్టానన్నానని, ఆయన తీగల్లో ఒక్క తప్పూ లేదని, ముళ్లన్నీ చూశానని, రాగి తొడుగు వేయగానే మోత పోయిందని, అందరి ముందూ ఆయన కళ్ల గురించి అన్నది నా తప్పు దాచుకోవడానికేనని. ఏడుస్తూనే చెప్పాను. తెలుగులోనే చెప్పాను.

కాక నవ్వాడు. హాయిగా, ప్రేమగా.

“ఇంటున్నవానే?” అన్నాడు చిన్నమ్మతో. “పెద్దోని పరువు కాపాడాల్నని తప్పంత తన మీద ఏస్కుంటుంది పిల్ల. నేను పని జేస్తలేనని నువ్వే ఏదో చెప్పినట్టున్నవ్.”

“కాదు కాకా, నిజంగనే నేనే...”

“నాకు తెల్వదా బిడ్డా నీ మనసు? నువ్వు సూసిన అన్నంక సూడకుంట ఉంటవా? గట్ల నీ మీద ఏస్కోకు. నా కండ్లతోనే అయింది, అయిపోయింది.”

ఇంకా గట్టిగా చెప్పాను, ఒట్టు పెట్టాను. ఎంత చెబితే అంత మంచిదాన్నయ్యాను ఆయన కళ్లకు. చిన్నమ్మ కూడా ముక్కు చీదుతూ, “నీ అసొంటి బిడ్డ ఉండాలె” అంటోంది.

“గది ఇడ్సిపెట్టు గని,” అన్నాడు కాక, రెగ్యులేటర్‌ను ఫోన్ ముందుకు తెచ్చి. “ఏ తీగ ఏడ వెట్టాలె?”

రెగ్యులేటర్‌కు ఉండేవి రెండే తీగలు. ఏది ఎటు పెట్టినా ఫ్యాన్ తిరుగుతుంది. ఈ సంగతి నాకు చెప్పింది ఆయనే.

“ఎటు వెట్టినా ఒక్కటే కాకా” అన్నాను.

“గట్లనకు బిడ్డా. నువ్వు సూసి చెప్పు.”

చూశాను. “ఎర్రది పైన” అన్నాను. ఆయన ఎర్రది పైన పెట్టి, మరను బిగించి, ఇంకోసారి నా వైపు చూసి, సరిగ్గానే ఉందా అని అడిగాడు.